పైమంచం కొలతలు

ఆత్మలనీ దయ్యాలనీ ఎవరైనా మొదలుపెడితే నేను అక్కణ్ణుంచి లేచిపోయే రకం. భయంతో కాదు, విసుగుతో. మాది చర్చికి వెళ్లే కుటుంబం. పోయినవాళ్లు దేవుడి దగ్గర ఉంటారనీ, మన వీధుల్లో తిరగరనీ చిన్నప్పటి నుంచి విన్నాను. ఇప్పటికీ అదే నమ్ముతున్నాను. అయినా ఇది రాయక తప్పడం లేదు. జరిగినదాంట్లో చాలా భాగం నేను కళ్లారా చూసింది కాదు. కానీ ఆ మంచం మాత్రం మా ఇంట్లో ఉంది.

మేము ఉండేది విజయవాడ భవానీపురంలో, ఒక పాత ఇంటి మేడ మీద. ఒకటే గది, దాని వెనక చిన్న వంటగది. పాత కట్టడం కాబట్టి స్లాబు బాగా ఎత్తు. నా భార్య సలోమి ఒక ప్రైవేటు ఆసుపత్రిలో స్టాఫ్ నర్సు. ఆమెకు ఎక్కువగా నైట్ డ్యూటీలే పడతాయి. నేను రైల్వే స్టేషన్ దగ్గర ఒక పార్శిల్ ఆఫీసులో పని చేస్తాను. మధ్యాహ్నం భోంచేసి వెళ్తాను. అంటే ఆమె నిద్రపోవలసిన సమయమంతా నేను ఇంట్లోనే ఉంటాను.

సలోమి పని గురించి ఒక్క మాట చెప్పాలి. ముసలివాళ్ల చేతికి సూది పెట్టాలంటే నరం దొరకదు. మిగతావాళ్లు రెండు మూడు చోట్ల గుచ్చి వదిలేశాక ఈమెను పిలుస్తారట. ఆ చేతిని తన అరచేతిలో పెట్టుకుని, మీదే ఊరు, ఈ ఏడు మినుము ఎలా ఉంది అని అడుగుతూ ఉంటుందట. వాళ్లు జవాబు చెప్పేలోపు సూది లోపల ఉంటుందట. ఇది నాకు ఆమె చెప్పలేదు. ఆమెతో పనిచేసేవాళ్లు చర్చిలో చెప్తే విన్నాను.

అలాంటి నర్సు ఉన్న ఇంటికి వీధి వీధంతా వస్తుంది. బీపీ చూడమని ఒకరు, డాక్టరు రాసిన మాత్రల్లో ఏది పరగడుపున వేసుకోవాలో చెప్పమని ఒకరు. కింద వాటాలో ఉండే వరలక్ష్మి గారైతే రోజు విడిచి రోజు పైకి వచ్చేవారు.

“సలోమీ, పడుకున్నావా అమ్మా?” అంటూనే ఆవిడ మంచం మీద కూర్చునేవారు.

“లేదండీ, చెప్పండి” అని సలోమి కళ్లు మూసుకునే చెయ్యి చాచేది.

వాళ్లను అనడానికి లేదు. తలుపు తీసి పిలిచేది నేనే. “పర్లేదు రండి, లేస్తుందిలెండి” అనేవాణ్ణి. నలుగురూ మా ఇంటికి రావడం నాకు గొప్పగా ఉండేది. వాళ్లు వెళ్లాక టీవీ పెట్టుకునేవాణ్ణి. టీవీ లేకపోతే ఫోను.

ఒక రోజు ఉదయం సలోమి డ్యూటీ నుంచి వచ్చి, బ్యాగు కూడా కింద పెట్టకుండా గుమ్మంలోనే నిలబడిపోయింది. “రాత్రి ఒకళ్ల మందు ఇంకొకళ్ల మంచం దాకా తీసుకెళ్లానండీ. పేరు చూసి ఆగాను. చూడకపోతే ఏమయ్యేది? నిద్ర లేకుండా ఈ పని చెయ్యకూడదు. ఇలాగే ఉంటే నేను మానేస్తాను.”

ఆ పని మానేస్తే ఆమె ఏమైపోతుందో నాకు తెలుసు. నిద్ర దొరికితేనే ఆ ఉద్యోగం నిలుస్తుంది. దారి కూడా ఆమే చూసింది. ఫోనులో ఒక బొమ్మ చూపించింది. నేల మీద ఉండే మంచం కాదు. నాలుగు కాళ్ల మీద పైకి ఎత్తి కట్టింది, ఎక్కడానికి నిచ్చెన ఉంది.

“మంచం పైకి పోతే దాని మీద ఎవరూ వచ్చి కూర్చోరు కదండీ. తెర వేసుకుంటే కనపడను కూడా.”

“హాస్టల్ పిల్లల్లా మనకిదేంటి?” అన్నాను.

“హాస్టల్ పిల్లలే నయం. పడుకుంటారు” అంది.

బందరు రోడ్డులో షాపులన్నీ తిరిగాను. రెడీమేడ్‌గా దొరికేవి పిల్లల కోసం చేసినవి. చేత్తో ఊపితే ఊగుతున్నాయి. పెద్దవాళ్ల బరువుకి ఆగవు. చెక్కతో చేయిస్తే మేడమెట్ల మలుపు తిరిగి పైకి రాదు. చివరికి మా వీధి చివర వెల్డింగ్ షాపు పెట్టుకున్న మస్తాన్ గారికి చెప్పాను. లావు ఇనప గొట్టాల ఫ్రేము, పైన ప్లైవుడ్, గోడలకు బోల్టులు. ఫ్యాను రెక్కలకు దూరంగా మూలకు కట్టి, గోడకు వేరే ఫ్యాను పెట్టుకోవాలి. ఇక్కడి వరకు బాగానే ఎంచుకున్నాను.

“పైన పడుకునేది ఎవరండీ?” అని మస్తాన్ గారు అడిగారు.

“మా ఆవిడ.”

“అయితే ఒకసారి తీసుకురండి. ఎత్తూ మెట్లూ చూసుకుంటారు.”

“ఆమెకి కుదరదులెండి. నేను చెప్తున్నాగా.”

ఎత్తు కొలిచాను. నా ఎత్తే కొలిచాను. మంచం కింద నేను నిటారుగా నిలబడాలి, నా కుర్చీ, టీవీ అక్కడ పట్టాలి. అంత ఎత్తు కింద వదిలేస్తే పైన మనిషి పడుకోవడానికే తప్ప లేచి కూర్చోవడానికి చోటు మిగల్లేదు. నిచ్చెన గోడకు అంటించినట్టు నిటారుగా, సన్నటి రాడ్లతో పెట్టమన్నాను. అలాగైతే నా కుర్చీకి అడ్డం రాదు.

ఇంటికొచ్చి కొలతలు చెప్తే సలోమి ఒక్కటే అడిగింది. “పైన కూర్చోవచ్చాండీ?”

“పడుకోవడానికి కదా చేయిస్తోంది. కూర్చోవడమెందుకు?” అన్నాను.

కొన్నాళ్లకు మంచం తయారైందని మస్తాన్ గారు కబురు పెట్టారు. వెళ్లి చూస్తే అది నేను చెప్పిన మంచం కాదు. ఎత్తు బాగా తగ్గింది. నిచ్చెన బదులు పాదం పూర్తిగా ఆనేంత వెడల్పు మెట్లు, వాలుగా ఉన్నాయి. రెండు పక్కలా పట్టుకోవడానికి గొట్టాలు ఉన్నాయి.

“నేనిచ్చిన కొలతలేంటి, మీరు చేసిందేంటి?” అని గట్టిగా అడిగాను.

ఆయన ఆశ్చర్యపోయారు. “మీ పెద్దామె వచ్చి మార్పించారు కదండీ!”

మా ఇంట్లో పెద్దామె ఎవరూ లేరు. మా అమ్మ, సలోమి వాళ్ల అమ్మ, ఇద్దరూ మా పెళ్లికి ముందే పోయారు.

“ఎవరావిడ? ఎలా ఉంది?”

“సన్నగా, తెల్ల చీరలో ఉన్నారండీ. కళ్లద్దాలకి ఒక పక్క దారం కట్టుకున్నారు. సలోమి మంచం ఇక్కడేనా చేసేది అని అడిగారు. మీ కొలతలు చెప్తే ఒప్పుకోలేదు. ఆ స్టూలు మీద కూర్చుని, కూర్చున్న మనిషి నడినెత్తి దాకా టేపు పెట్టి కొలవమన్నారు. దాని పైన ఇంకో జానెడు వదలమన్నారు. ఆ పిల్ల కూర్చుని ప్రార్థన చేసుకుంటే గానీ పడుకోదు, పడుకుని చేస్తే మధ్యలో నిద్ర పట్టేస్తుందని దాని బాధ అన్నారు. తర్వాత కాలు నేల మీద పెట్టి, మెట్టు ఇంత ఉండాలన్నారు. ఆ పిల్లకి కుడి మోకాలు నొప్పి, సన్నరాడ్ల మీద దిగలేదు అన్నారు. మీరే పంపారనుకున్నానండీ.”

సలోమికి మోకాలు నొప్పి అన్న సంగతి నాకు తెలియదు. అది నాకు వెల్డింగ్ షాపులో తెలిసింది.

ఇంకో మాట కూడా చెప్పారాయన. ఆమె కుడి చేతి వెనక దూది పెట్టి ప్లాస్టరు అంటించి ఉందట. చేతికేమైందమ్మా అని అడిగితే, “సూది తీసేశారు బాబూ, ఇంక అవసరం లేదన్నారు” అని నవ్వారట.

నాకు వింతగా అనిపించలేదు, కోపం వచ్చింది. సలోమి ఎవరో ముసలామెను పంపి నా వెనక ఈ పని చేయించిందనుకున్నాను. ఇంటికొచ్చి, నిద్రపోతున్నదాన్ని భుజం పట్టి లేపాను. రాసేటప్పుడు సిగ్గుగా ఉంది. ఆమె నిద్ర కోసం చేయించిన మంచం గురించి ఆమెను నిద్ర లేపి మరీ గొడవపెట్టుకున్నాను.

“నేనెవర్నీ పంపలేదండీ” అంది కళ్లు నులుముకుంటూ.

“నీకు మోకాలు నొప్పా?”

“ఎప్పట్నుంచో.”

“నాకు చెప్పలేదే?”

“మీరెప్పుడడిగారు?”

అప్పుడు ఆ పెద్దామె ఆనవాళ్లు చెప్పాను. తెల్ల చీర, కళ్లద్దాలకు దారం, చేతికి ప్లాస్టరు, ఆ సూది మాట. సలోమి మంచం దిగబోయి మళ్లీ కూర్చుండిపోయింది. “ఆ సూది తీసింది నేనే” అంది.

ఆమె పేరు మార్తమ్మట. కృష్ణ ఒడ్డున ఒక లంక ఊరి మనిషి. కూలి పని చేసి బతికింది. దూరపు చుట్టాలెవరో తీసుకొచ్చి సలోమి వాళ్ల ఆసుపత్రిలో చేర్పించారు. రాత్రిళ్లు ఆమె దగ్గర ఎవరూ ఉండేవారు కాదు. సలోమి వీలు దొరికినప్పుడల్లా పక్కన కూర్చునేది. మామ్మా అని పిలిచేది. “అందరినీ పడుకోబెడతావు, నువ్వెప్పుడు పడుకుంటావే పిల్లా?” అని ఆమె రోజూ అడిగేదట. అలా అడిగి అడిగి, మోకాలు నొప్పి సంగతీ, పైమంచం సంగతీ, మస్తాన్ గారి షాపు సంగతీ, నేనిచ్చిన కొలతల సంగతీ అన్నీ రాబట్టింది. “కూర్చోకుండా ప్రార్థన ఎలా చేసుకుంటావే? నేను మాట్లాడతాను ఆ చేసేవాడితో” అందట. ఊపిరి తీసుకోవడమే కష్టంగా ఉన్న మనిషి అలా అనేసరికి సలోమి నవ్వేసిందట.

ఆమె ఒక తెల్లవారుజామున పోయింది. చేతి సూది సలోమి తీసి, దూది పెట్టి, ప్లాస్టరు అంటించింది. కళ్లద్దాలు కూడా తనే తీసి చుట్టాల చేతికిచ్చింది. వాళ్లు పొద్దున్నే ఆమెను ఊరికి తీసుకెళ్లిపోయారు.

ఆ రోజు నాకు గుర్తుంది. సలోమి ఏడుస్తూ ఇంటికొచ్చింది. “ఆసుపత్రన్నాక పోతూనే ఉంటారు, ప్రతిదానికీ ఏడుస్తావా?” అన్నాను. ఆ రోజు మా వీధిలో లైన్లు మారుస్తున్నారని పొద్దున్నుంచి సాయంత్రం దాకా కరెంటు లేదు. ఫ్యాను లేక, దుఃఖం ఆగక ఆమె రెప్ప వెయ్యలేదు.

నేను మళ్లీ మస్తాన్ గారి దగ్గరకు వెళ్లి, ఆ పెద్దామె ఏ రోజు వచ్చారో గుర్తుందా అని అడిగాను.

“గుర్తులేకేమండీ! కరెంటు లేని రోజు. మిషను ఆగిపోయి ఖాళీగా కూర్చున్నాను. అందుకే అంతసేపు మాట్లాడాను.”

నాకు తోచిన దారులన్నీ వెతికాను. ఆమెకు అక్కచెల్లెళ్లు ఉన్నారేమో కనుక్కోమన్నాను. సలోమి ఆ చుట్టాలకు ఫోను చేసి అడిగింది. ఎవరూ లేరన్నారు. ఉన్నా చేతికి ఆ ప్లాస్టరు ఎందుకుంటుంది? మస్తాన్ గారు కల్పించి చెప్పారనుకుందామా అంటే, ఆయన సలోమిని దగ్గరగా చూసింది కూడా లేదు. మోకాలు నొప్పి సంగతి కట్టుకున్న నాకే తెలియదు.

మంచం అదే కొలతలతో తెచ్చి బిగించాం. కింద నేను తల వంచుకుని నడవాలి. సలోమి డ్యూటీ నుంచి వచ్చి, స్నానం చేసి, ఒక చెయ్యి గొట్టం మీద వేసి ఒక్కొక్క మెట్టూ ఎక్కింది. పైన మఠం వేసుకుని కూర్చుంది. తల పైకెత్తి చూసుకుంది. ఇంకా ఖాళీ ఉంది. కళ్లు మూసుకుంది. తెర వెనక ఆమె ప్రార్థన సన్నగా వినిపించింది, తర్వాత ఆగిపోయింది. చూస్తే ఒక పక్కకు తిరిగి నిద్రపోతోంది. మా పెళ్లయ్యాక ఆమె అంత హాయిగా పడుకోవడం నేను చూడలేదు. ఉద్యోగం మానే మాట ఆమె మళ్లీ ఎత్తలేదు.

నాకు మాత్రం మనసు ఆగలేదు. ఆమె పడుకున్నాక మస్తాన్ గారి దగ్గరకు ఇంకోసారి వెళ్లాను. “ఆ పెద్దామె ఇంకేమైనా అన్నారా?” అని అడిగాను. ఆయన చేతిలో పని ఆపి, కాస్త మొహమాటపడ్డారు.

“మీకు కోపం వస్తుందని చెప్పలేదండీ. వెళ్లేటప్పుడు, ఈ పిల్ల మొగుడు ఎక్కడుంటాడు అని అడిగారు. మంచం కింద కుర్చీ వేసుకుంటారంట అన్నాను. ‘అక్కడెందుకు? గుమ్మం దగ్గర వేసుకోమను. వచ్చేవాళ్లకి జవాబు చెప్పాల్సింది వాడేగా’ అన్నారు.”

నాకు కోపం రాలేదు. నన్ను ఎప్పుడూ చూడని మనిషి నన్ను అంత సరిగ్గా ఎలా చూసిందా అనుకున్నాను.

ఆమె ఎవరో, ఎలా వచ్చిందో నేను చెప్పలేను. మా పాస్టరు గారికి చెప్తే విని, “మంచి మనిషి” అని మాత్రం అన్నారు. చనిపోయే ముందు కూడా ఇంకొకరి నిద్ర గురించి ఆలోచించిన మనిషి, చనిపోయాక ఆ ఆలోచన మానలేదని అనుకోవడానికి నా నమ్మకం ఒప్పుకోదు. వేరే కారణం చెప్పుకోవడానికి నా దగ్గర ఏదీ లేదు.

ఆ రోజు షాపు నుంచి వచ్చి, కుర్చీ తీసుకెళ్లి గుమ్మం బయట వేసుకున్నాను. కాసేపటికి వరలక్ష్మి గారు మెట్లెక్కి వచ్చారు.

“సలోమి ఉందా అబ్బాయ్? ఒక్కసారి బీపీ…”

“పడుకుందండీ. సాయంత్రం రండి.”

ఆవిడ నన్ను ఎగాదిగా చూశారు. “ఏంటయ్యా కొత్తగా?”

“అవునండీ, కొత్తే” అన్నాను.

ఆవిడ తలుపు వైపు ఒకసారి చూసి, చెప్పులు విప్పి చేత్తో పట్టుకున్నారు. చప్పుడు కాకుండా ఒక్కొక్క మెట్టూ దిగి వెళ్లిపోయారు.