గౌస్ అన్న వార్త పేపర్లో రాలేదు

నిన్న పొద్దున తమ్ముడు ఫోన్ చేసి, "అక్కా, గౌస్ అన్న ఇగ లేడే" అన్నాడు.

నమ్మలేదు. మొన్ననే కదా వాయిస్ మెసేజ్ పెట్టి నా డిగ్రీ రిజల్ట్ అడిగాడు!

ఛాతీలో నొప్పి అంటే లింగాల నుంచి నాగర్‌కర్నూల్ దవాఖానకు తీసుకెళ్తున్నారట. దారిలోనే...

తెలియనివాళ్లకు చెప్తున్నాను. గౌస్ అన్న మా వైపు ఊళ్లకు ఒక పేపర్ విలేకరి. జీతం లేదు. లీడర్ల బర్త్‌డేలకు, పండగలకు యాడ్స్ తేవాలి. తేకపోతే ఆయన పంపిన వార్తలు పేజీ ఎక్కవు.

ఒక ఎండాకాలం మా వాడ బోరు ఎండిపోయింది. ఎవరికి చెప్పినా రాలేదు. పేపర్లో పడితేనే కదులుతారని గౌస్ అన్నను పిలిచాం.

ఆడవాళ్లందరినీ ఖాళీ బిందెలతో ఫొటోకు నిలబెట్టాడు. మా నాయనమ్మ ఆ ఫొటో కోసం పెండ్లిళ్లకు కట్టే చీర కట్టుకొని వచ్చింది.

"అవ్వా, గిట్ల ముస్తాబైతే నీళ్లు లేవంటే ఎవలు నమ్ముతరు?"

"పేపర్ల పాత చీరతోని కనవడాల్నా? నువ్వు తియ్యి కొడకా!"

మరునాడు వార్త రాలేదు. ఆ జాగాలో ఒక లీడర్ నవ్వుతున్న ఫొటో, శుభాకాంక్షలు. అప్పట్లో మా ఇంట్లో చదవడం వచ్చినది నాకొక్కదానికే. నాయనమ్మ నాతో పేజీ అంతా వెతికించింది.

తర్వాత ఆయన కనబడగానే పట్టుకుంది. "మా బిందెలకు జాగ లేదు గానీ, గా సారు మీసాలకు ఉన్నదా?"

"ఆ మీసాలు గూడ నేనే తెచ్చిన అవ్వా. అవి పడితేనే నీ బిందెలు పడ్తయ్."

పడ్డాయి. ఫొటో లేకుండా, ఒక మూలన చిన్న వార్త. దానికే ట్యాంకర్ వచ్చింది.

నిన్న ఆయన వార్త నేనే రాశాను. జీవితంలో నేను రాసిన మొదటి వార్త. ఫొటోతో పంపి, పేపర్ ఆఫీసులో వార్తలు చూసే డెస్క్‌కు ఫోన్ చేశాను. ఆ సార్ మంచిగానే మాట్లాడాడు.

"అమ్మా, రేపు లీడర్ బర్త్‌డే. పేజీ మొత్తం యాడ్సే. ఎల్లుండి చూద్దాం. ఇంకోటి, మా విలేకరి అని రాయొద్దు. ఆయన ప్రెస్ కార్డు రెన్యువల్ కాలే."

"మరి ఎవరని రాయాలి సార్?"

"స్థానికుడు అని పెట్టు."

ఈరోజు నేనుండే ఊళ్లో, వనపర్తి బస్టాండ్‌లో పేపర్ కొన్నాను, ఏమో, ఎక్కడన్నా ఉందేమోనని. నిజంగానే అన్నీ యాడ్సే. మా మండలానివి గౌస్ అన్న తెచ్చినవే. మొన్న ఎండలో రోజంతా వాటి కోసమే బండి మీద తిరిగాడని ఆయన భార్య, మా వదిన, ఏడుస్తూ చెప్పింది.

ఎవరి మీద కోపం తెచ్చుకోవాలో కూడా తెలియడం లేదు. డెస్క్ సార్‌దీ ఉద్యోగమే.

ఈ గ్రూపులో రాయడం తప్ప ఏం చేయగలను? ఇది చదివేది మనవాళ్లే. మీరన్నా గుర్తుపెట్టుకోండి. ఆయన ఉత్త స్థానికుడు కాదు.

షేక్ గౌస్, విలేకరి.

అన్నా, ఇక నువ్వు ఎవరి గుమ్మం ముందూ యాడ్ కోసం నిలబడే పని లేదు. అల్లా నీకు చల్లటి నీడ ఇవ్వాలి. నిమ్మళంగా పడుకో.