రుమాలు కింద మూడో చెయ్యి

నా చిన్నప్పుడే నాకు బేరం అబ్బింది. అందుకే కామారెడ్డి నుంచి ఎల్లారెడ్డి పోయే దారిలో, శిక్షణ విమానాలు దిగే చిన్న ఎయిర్‌పోర్టు గోడ పక్కన, ఎవరూ ముట్టని ప్లాటును చవకగా కొట్టేసి ఇల్లు కట్టాను. అంత చవకగా కొన్నవాళ్ళు మా కాలనీలో ఇంకొకరు లేరు. అంత చెవుడు వచ్చినవాళ్ళూ లేరు.

పోయిన వానాకాలం ఒక చిన్న విమానం రన్‌వే దాటి, కంచె తెంచుకొని మక్క చేనులో పడింది. నడిపే కుర్రాడు కాలు విరిగి బతికాడు. అప్పటినుంచి కాలనీలో మీటింగుల మీద మీటింగులు. మూసేయాలని కొందరు, ఉండనివ్వాలని కొందరు. చివరికి ఎయిర్‌పోర్టు వాళ్ళు మాట పంపారు. అభ్యంతరం లేదని సంతకాలు చేస్తే సిమెంటు రోడ్డు వేయిస్తారట. విమానాలు మా మీది నుంచి కాకుండా అవతలి చివర నుంచి దిగుతాయట. ఆ చివర ఉన్నవి రేకుల గదులు. లింగంపేట వైపు నుంచి కూలికి వచ్చినవాళ్ళు కిరాయికి ఉంటారు.

బేరం నాకు అప్పగించారు. “నీ నోటి ముందట ఎవడు నిలుస్తడు అత్తమ్మా!” అని పొగిడారు. నేనూ పొంగిపోయి, రోడ్డుకు వీధిదీపాలు కూడా కలిపించాను. సంతకాల రోజు పొద్దున మాత్రం మా తాత గుర్తొచ్చాడు.

మా తాతకు కామారెడ్డిలో బెల్లం అడ్తి దుకాణం ఉండేది, కమీషన్ మీద సరుకు అమ్మిపెట్టేవాడు. కొనేవాడూ అమ్మేవాడూ రుమాలు కింద చేతులు పెట్టి, వేళ్ళు నొక్కి ధర చెప్పుకొనేవారు. పక్కవాడికి తెలియదు. బడి లేనప్పుడు నేను గల్లా పక్కన కూర్చొని, రుమాలు కదలికను బట్టి ఎవరు తగ్గుతున్నారో కనిపెట్టేదాన్ని.

మా బజారు చివర బియ్యం మిల్లు, దానికో పాత బాయిలర్. అది పేలుతుందని దుకాణాలవాళ్ళు గొడవ చేస్తే, ఒకరోజు మిల్లు గుమాస్తా బేరానికి వచ్చాడు. గొడవ ఆపితే దుకాణాలకు నూకలు తక్కువ ధరకు ఇస్తారు, బాయిలర్‌ను మిల్లు వెనక్కి జరుపుతారు. వెనక బీడీలు చుట్టేవాళ్ళ ఇండ్లు. అందరి తరఫునా మా తాత చెయ్యి పెట్టాడు. రుమాలు కాసేపు కదిలింది. నూకల ధర ఇంకా దిగిందని ఆయన కనుబొమ్మను చూస్తేనే తెలిసింది. అంతలో ఆయన చెయ్యి తీసేసి, బెల్లం కొనడానికి వచ్చి మెట్ల మీద నిలబడ్డ ఒకామెను పిలిచాడు.

“చెల్లె, నీ ఇల్లు మిల్లెనకనే గదా? గిట్ల రా. చెయ్యి పెట్టు.”

“పావుకిలో బెల్లానికి రుమాలు బేరమా సేటూ?” అని ఆమె నవ్వింది.

“బెల్లానికి గాదు. బాయిలర్ నీ గోడ పక్కకు వస్తున్నది. ఎంతకు ఒప్పుకుంటవో ఈయనతోని తెంచుకో.”

ఆమె నవ్వు ఆగింది. చెయ్యి పెట్టి, గుమాస్తా ముఖంలోకి చూసింది. “నాకు ముగ్గురు పిల్లలు. ఎవరితోని షురూ చేద్దాం?”

గుమాస్తా వేలు కదపలేదు. చెయ్యి లాక్కొని వెళ్ళిపోయాడు.

నూకలు రాలేదు. గొడవ సాగి, బాయిలర్ బాగయ్యేదాకా మిల్లు ఆగింది. “చేతిల పడ్డ బేరం ఇడిసిపెట్టినవు, దిమాక్ ఉన్నదా సేటూ?” అని పక్క దుకాణమాయన ముఖం మీదే అడిగాడు. పని పోయిన మిల్లు హమాలీలూ వచ్చి దుకాణం ముందు నిలబడ్డారు. గెలిచామా అని నేను అడిగాను.

“తెల్వదు బిడ్డా. మనది కానిది అమ్మలే. గంతే.”

సంతకాల పొద్దున ఆ మాటే మళ్ళీ వినిపించింది. రేకుల గదులవాళ్ళు లేకుండా సంతకం పెట్టనన్నాను. వాళ్ళు వచ్చారు. తలోమాట అన్నారు. ఒకామె మూసేయమంది. ఎయిర్‌పోర్టులోనే ఊడ్చే పని చేసే ఇంకొకామె, మూస్తే ఏం తినాలంది. ఏదీ తెగలేదు. నన్ను పొగిడినవాళ్ళు ఇప్పుడు నా గేటు ముందు తల తిప్పుకొని పోతున్నారు.

లెక్క దాచను. మూస్తే నా ప్లాటు ధర పెరిగేది, ఉంటే నాకు రోడ్డు వచ్చేది. రెండువైపులా లాభం నాదే కాబట్టే నా నోరు అంత బాగా నడిచింది. ఇప్పుడు రోడ్డు లేదు, దీపాలు లేవు. విమానం నా డాబా మీది నుంచే దిగుతోంది. అది వచ్చినప్పుడల్లా మాట ఆపేస్తాను, పోయాక ఏం చెబుతున్నానో వెతుక్కుంటాను. ఈ ఖర్చు నాదే. ఇంకొకరి పేరున రాయలేదు.