గోడకి అటూ ఇటూ

"రాసి పంపాం కదండీ" అని ఎవరైనా అంటే ఇప్పటికీ నాకు ఒళ్లు మండిపోతుంది.

తొంభైల చివర్లో అరకు కొండల్లో ఒక చిన్న ప్రభుత్వాసుపత్రి కింద ఏఎన్ఎమ్‌గా పనిచేశాను. ఊళ్లు తిరిగి, జ్వరమున్నవాళ్ల వేలు పొడిచి, స్లైడు మీద రక్తం తీసి ల్యాబులో ఇచ్చేదాన్ని. మలేరియా ఉంటే ల్యాబాయన రిజిస్టరులో ఎర్రసిరాతో రాసేవాడు. దాని నకలు సూపర్‌వైజరుకి వెళ్లి, నెలాఖరు మీటింగులో నా చేతికొచ్చేది. అదీ మా పద్ధతి, తగలెయ్య! డాక్టరు గదికీ ల్యాబుకీ మధ్య ఒక్కటే గోడ.

ఒకసారి ఏడో నెల గర్భిణికి రక్తం తీశాను. రెండు రోజులకే ఎర్రసిరా పడింది. ప్రాణం తీసే రకం మలేరియా. ఆ సంగతి నాకు తెలీదు, డాక్టరుకీ తెలీదు.

సంతరోజు ఆమె అత్తతో కొండ దిగి, పసుపు అమ్ముకుని, నీరసంగా ఉందని ఆసుపత్రికొచ్చింది. ఆ రెండు గదుల ముందు బల్ల మీదే కూర్చుంది. జ్వరం రోజు విడిచి రోజు వస్తోంది, ఆవేళ లేదు. డాక్టరు కనురెప్ప కిందకి లాగి చూసి, రక్తం తక్కువని ఐరన్ మాత్రలిచ్చి పంపేశాడు. ల్యాబాయన ఆమె పక్కనుంచే రెండుసార్లు నడిచాడు. రిజిస్టరులో పేరు తెలుసు గానీ మనిషిని చూడలేదు.

మరి నేనో? వరండా చివరే ఉన్నాను, టీకాలు వేసుకుంటూ. ఆమెని చూశాను కూడా. లేచి ల్యాబులోకెళ్లి "రిజల్టు వచ్చిందా" అని అడగొచ్చు. "మీటింగులో ఇస్తాం కదమ్మా" అని విసుక్కుంటాడని ఊరుకున్నాను. ఒక మనిషి విసుగుకి భయపడ్డాను, సిగ్గులేకుండా. ఆమె వెళ్లాక ముగ్గురం టీ తాగుతూ క్రికెట్ గురించి మాట్లాడుకున్నాం.

ఐదో రోజున డోలీ కట్టి మోసుకొచ్చారు. ఒంటి మీద స్పృహ లేదు. ఆమె బతికింది. బిడ్డ కడుపులోనే పోయింది.

విచారణకి పెద్దాఫీసరొచ్చాడు. "నాకెవరూ చెప్పలేదు" అన్నాడు డాక్టరు. "నేను రాసి పంపాను" అన్నాడు ల్యాబాయన. బల్ల మీద మూడు రిజిస్టర్లు, ఒక్క కొట్టివేత లేదు. ఆఫీసరు తృప్తిగా సంతకం పెట్టాడు. వాటిని ఆయన మొహాన విసిరికొట్టాలనిపించింది. కానీ అందులో ఒకటి నాదే.

బయట మెట్ల మీద ఆమె అత్త కూర్చుని లోపలి మాటలన్నీ వింది. నన్ను చూసి లేచింది.

"నర్సమ్మా, మీ ముగ్గురికీ మాటల్లేవా? ఏటి తగువు? మా ఊర్లో మాటల్లేనోలు కూడా, కడుపుతో ఉన్న గుంటకి బాగోకపోతే తలుపు కొట్టి సెప్తారు."

మాకు ఏ తగువూ లేదు. ఆ మాట ఆమెకి ఏ మొహం పెట్టుకుని చెప్పను?

"అవునమ్మా," అన్నాను, "తగువుంది."