మామగారు ఎంచిన తుపాకీ

మొన్న మా మనవరాలు టీవీ పెట్టి, ఎక్కడో పరాయి దేశంలో జరుగుతున్న తుపాకీ పోటీ చూడమని నన్ను పిలిచింది. మట్టిబిళ్ల గాలిలోకి లేవడం, పేలుడు వినబడటం, బిళ్ల పొడిపొడిగా రాలడం చూస్తుంటే, యాభై ఏళ్ల కిందటి విసుగు మళ్లీ గొంతులోకి వచ్చింది. మామగారి ముందు నోరు మెదపలేని కాలంలో అల్లుళ్లుగా బతికిన నా వయసువాళ్లకు నా అవస్థ అర్థమవుతుందన్న ధైర్యంతో రాస్తున్నాను.

అప్పట్లో నేను కడపలో మిషను బడి లెక్కల మాస్టరుని. మామగారిదీ ఆ ఊరే, పల్టనులో సుబేదారుగా చేసి వచ్చినవారు. ఏటా చలికాలంలో కర్నూలులో, తుంగభద్ర పక్కన ఎండు బయలులో దొరలు మట్టిబిళ్లల పోటీ పెట్టేవారు. మూకుడంత బిళ్లను స్ప్రింగు యంత్రం విసురుతుంది, అది నేలకు దిగేలోపు కొట్టాలి. మనిషికి ఇరవై ఐదు బిళ్లలు. మామగారు మూడేళ్లు వరసగా ఒకే దొర చేతిలో ఒక్కో బిళ్ల తేడాతో ఓడిపోయి, నాలుగో ఏటికి రెండు కళ్లలోనూ పొరలు కమ్మడంతో, ఆ పంతం నాకు అప్పగించారు. పెళ్లికి ముందు నేను మా నాన్న రెండు గొట్టాల తుపాకీతో కౌజుపిట్టలు కొట్టేవాణ్ణని మా ఆవిడ పుట్టింట్లో గొప్పగా చెప్పుకోవడమే దీనికంతటికీ మూలం.

ఆవిడ చెప్పని సంగతి ఒకటుంది. నాది ఎడమచేతివాటం. బడిలో బెత్తం దెబ్బలకు రాత కుడిచేతికి మారింది, అన్నం ఎలాగూ కుడిచేత్తోనే. తుపాకీ ఒక్కటే ఎడమ భుజాన మిగిలిపోయింది. మామగారేమో, పల్టనులో ఎడమచేతివాళ్లను మూడు నెలల్లో ఎలా దారికి తెచ్చారో ప్రతి పండక్కీ చెప్పేవారు. అది విన్నాక నేనేం చెప్పగలను?

ఇక ఎంపిక మొదలైంది, ఆర్నెల్లు సాగింది. మద్రాసు నుంచి తుపాకుల జాబితా పుస్తకాలు తెప్పించి, తనకు కనబడవు గనక, ఆదివారం గుడినుంచి రాగానే నాచేత చదివించేవారు. రెండు గొట్టాలదా, ఒక దెబ్బ వేశాక తనంతట తానే రెండో తూటా ఎక్కించుకునేదా? రెండోదానికే మొగ్గారు, ఎందుకంటే దెబ్బ తాలూకు తోపులో సగం ఆ యంత్రమే మింగేస్తుంది, రోజంతా పేల్చినా భుజం వాయదు. అంతవరకు న్యాయమే. ఆ తర్వాత గొట్టం ఇరవై ఎనిమిది అంగుళాలా, ముప్పయ్యా అని నెల. బరువెంత అని ఇంకో నెల. ఏడు పౌన్ల రోకలి ఒకటి, ఎనిమిది పౌన్లది ఒకటి ఎదురింటి శెట్టి కొట్టులో తూకం వేయించి, పెరట్లో నాచేత భుజానికెత్తించి కాకుల వెంట తిప్పించారు. శెట్టి మామగారికి ప్రాణస్నేహితుడు, తుపాకీ ముట్టి ఎరగడు. అయినా అయిదు తూటాలు పట్టేదే కొనమని పోరేవాడు. బిళ్లకు రెండు దెబ్బలకు మించి వేయనివ్వరని మామగారు అతనికి రోజూ చెప్పేవారు, అతను రోజూ మరిచేవాడు. ఇద్దరి మధ్యా రోకలి పట్టుకుని నేను.

మా ఆవిడ ఒక రోజు తెగించి అంది. “మీరు చెప్పకుంటే నేనే నాయనకు చెప్తా. తిడితే నన్నే తిడతాడు.” నేనే వద్దన్నాను. ఆ బుద్ధిలేనితనం నాదే.

మద్రాసు కొట్లో మూడు తుపాకులు ముందుపెట్టారు. కొట్టువాడు వివరం తెలిసినవాడు, అల్లుడుగారిది ఏ చేతివాటమని అడిగాడు కూడా. మామగారే జవాబిచ్చారు.

“మనిషికి కుడిచెయ్యే కదప్పా.”

నేను తలూపాను. తనంతట తానే తూటా ఎక్కించుకునే ఆ రకం తుపాకీలో కాలిన తూటా డొల్ల కుడిపక్క సందులోంచి ఎగురుతుంది. కుడిభుజంవాడికి అవతలికి పోతుంది, ఎడమభుజంవాడికి ముఖం ముందునుంచి దూసుకుపోతుంది. అది తెలిసి కూడా తలూపాను.

పోటీనాడు కుడిభుజంతో పన్నెండు బిళ్లలకు నాలుగు కొట్టాను. వెనక కుర్చీలో మామగారు ప్రతి పేలుడికీ శెట్టిని “తగిలిందా?” అని అడగడం వినబడుతూనే ఉంది. పూర్తిగా తప్పిన బిళ్లకు కూడా శెట్టి, “అంచు రాలిండాది” అంటున్నాడు. ఆ అబద్ధం విని నిలబడలేకపోయాను. పదమూడో బిళ్లకు తుపాకీ ఎడమ భుజానికి మార్చాను. డొల్లలు ముక్కు ముందు ఎగురుతుంటే, మసి చెంపను చురుక్కుమనిపిస్తుంటే, దొరలు నవ్వుతుంటే, మిగిలిన పదమూడింట్లో పన్నెండు కొట్టాను. మొత్తం పదహారు. ఆ దొరకు ఇరవై రెండు.

శెట్టి ఈసారి నిజం చెప్పినట్టున్నాడు. మామగారు తడుముకుంటూ వచ్చి, నా చెంపమీద చెయ్యిపెట్టి, మసిని వేళ్లతో రాసి చూశారు.

“ఎడం చెయ్యా నీది? కొట్టువాడు అడిగినప్పుడు నోరు యాడ పెట్టుకుంటివి?”

మీకు కోపమొస్తుందని ఊరుకున్నానన్నాను. ఆయన వేళ్లకంటిన మసిని పంచెకు తుడుచుకున్నారు.

“ఆర్నెల్లు తుపాకీని ఎంచితి అల్లుడా. నిన్ను ఒక్క మాట అడగకపోతి.”

నా కళ్లలో నీళ్లు తిరిగాయి. అవి ఆరకముందే, తిరుగు ప్రయాణం బస్సులో, ఎడమచేతికి పొసగే తుపాకీ ఏదో వెతకాలని శెట్టితో చర్చ మొదలుపెట్టారు. మా నాన్న పాత తుపాకీ మధ్యకు వంచి తూటాలు పెట్టేది, డొల్ల పక్కకు ఎగరదు, ఏ చేతికైనా ఒకటే, అది ఇంట్లోనే ఉందని నేను నాలుగుసార్లు చెప్పాను. వినలేదు.

ఆ ఎంపిక తెమలలేదు. యుద్ధం వచ్చి తూటాలు దొరకడం మానేశాయి, పోటీలు ఆగిపోయాయి, దొరలు వెళ్లిపోయేనాటికి మామగారు లేరు. ఆ బయలులో ఇప్పుడు వరసగా ఇళ్లు లేచాయి.

మా అల్లుడు నాకెదురుగా కాలుమీద కాలేసుకుని కూర్చుంటాడు, నచ్చనిది నచ్చలేదని మొహం మీదే చెప్తాడు. మంచి కాలమే, ఎవరి ఆర్నెల్లూ పాడుకావు. కాకపోతే అతని గురించి నేను అంత పట్టుదలగా ఆలోచించవలసిన పని ఎన్నడూ పడలేదు, నన్ను చూసి విసుక్కునే అవసరం అతనికీ రాలేదు. అతను వెళ్లాక, మా మధ్య ఏం మాటలు నడిచాయని మా అమ్మాయి అడిగితే, ఏమీ గుర్తుండదు.