జీడితోటలో మరపడవ

రెండువేల ఇరవయ్యో సంవత్సరం ఫిబ్రవరి తొమ్మిదో తేదీ, ఆదివారం, మాఘ పూర్ణిమ. తెల్లవారుజామున పట్టిన మంచు ఎనిమిదైనా విడవలేదు. టెక్కలిలో నేనెక్కిన బస్సును డ్రైవరు కిటికీలోంచి తల బయటపెట్టి, ఎదురొచ్చే ప్రతివాణ్నీ దారి అడుగుతున్నట్టుగా నడిపాడు. చలి కొద్దిగా ఉంది. గాలి బొత్తిగా లేదు.

ఆ ఉదయం అక్కుపల్లి తీరాన ఒక పడవ మునిగిందో తేలిందో చూసి తీర్పు చెప్పే పని నా మీద పడింది. మునిగితే ఆ పడవ మర్నాడు పలాసలో జీడిపిక్కలు కాల్చే బట్టీకి కట్టెగా పోతుంది. తేలితే యజమానికి దక్కుతుంది. మునుగు, తేలు అనే ధాతువుల రూపాలన్నీ నేను నిద్రలో అడిగినా చెప్పగలను. వాటి అర్థాలను సముద్రం మీద పరీక్షించవలసి వస్తుందని మాత్రం తెలుగు మాస్టారుగా ఉద్యోగంలో ఉన్నన్నాళ్లూ అనుకోలేదు.

యజమాని పేరు ఢిల్లేశ్వరరావు. పదో తరగతిలో నా దగ్గర చదువుకున్నాడు. జాలరి కాడు. వజ్రపుకొత్తూరు పక్కన కొబ్బరి, జీడిమామిడి తోటలున్న రైతు. వాళ్ల ఇంట్లో ఏ తరంలోనూ మోకాలి లోతు దాటి సముద్రంలో దిగినవాళ్లు లేరు. ఉద్దానం అనే ఆ తోటల సీమ రైతుకూ సముద్రానికీ ఉన్న సంబంధం తమాషా అయినది. పుట్టింది మొదలు దాని హోరు వింటాడు, మాఘ పూర్ణిమనాడు వెళ్లి మూడు మునకలు వేస్తాడు, తక్కిన సంవత్సరమంతా దానికి వీపు పెట్టి కూర్చుంటాడు.

అటువంటివాడికి పడవ ఎలా వచ్చిందంటే, రెండువేల పద్దెనిమిదిలో వచ్చిన తిత్లీ తుపాను తెచ్చిపెట్టింది. ఆ తుపానుకు తోటలో సగం కొబ్బరిచెట్లు కూలాయి, కరెంటు స్తంభాలన్నీ పడుకున్నాయి. కొత్తగా నాటిన మొక్కలకు నీళ్లు తోడడానికి ఒక డీజిలు ఇంజను అవసరమైంది. అక్కుపల్లిలో ధనరాజు అనే జాలరి తన పాత చెక్కపడవను తీసేసి ఫైబరుబోటు కొనుక్కుంటున్నాడని తెలిసి, దాని ఇంజను కోసం వెళ్లాడు. ఇంజను ఒక్కటే అమ్మనన్నాడు ధనరాజు. పడవతో సహా ట్రాక్టరు మీద ఎక్కించుకుని వచ్చాడు ఢిల్లేశ్వరరావు. మరుసటి రోజు ఇంజను ఊడదీయడానికి పానా పట్టుకుని పడవ ఎక్కాడు. ఎందుకైనా మంచిదని ముందొకసారి తిప్పి చూశాడు. అది టుక్కుటుక్కుమని మొదలై, గొంతు సవరించుకుని, నిలకడగా పాడసాగింది. పానా కింద పెట్టేశాడు. ఆ తర్వాత దాన్ని మళ్లీ చేతబట్టలేదు.

నీళ్లు తోడడానికి వేరే ఇంజను అద్దెకు తెచ్చాడు.

అక్కడి నుంచి జీడితోట మధ్యలో, తాటాకు పాక కింద, ఆ పడవ కాపురం మొదలైంది. సాయంత్రమయ్యేసరికి ఢిల్లేశ్వరరావు అందులో కూర్చుని చుక్కాని పట్టుకుని ఇంజను నడిపేవాడు. వెనుక పంకా గాలిలో తిరుగుతూ రాలిన జీడాకులను చిమ్మేది. ఒక్కొక్క మరకు ఆముదం, ఒక్కొక్క ఇత్తడి ముక్కకు చింతపండు. మీసానికైనా అంత సేవ చేసుకుని ఎరగడు.

పడవ ముందుభాగాన ‘కమలకుమారి’ అని ఎర్రరంగుతో రాసి ఉంది. ధనరాజు తల్లి పేరు. ఢిల్లేశ్వరరావు దాన్ని మార్చలేదు. ఇక్కడ నేను కొంచెం పక్కకు పోక తప్పదు. మన భాషలో పురుషుడు వచ్చాడు, స్త్రీ వచ్చింది, బల్ల కూడా వచ్చింది. ఏకవచనంలో స్త్రీకీ వస్తువుకూ ఒకే క్రియ కట్టిన పూర్వులను నేను తరగతి గదిలో ఎంతగానో సమర్థించాను. ఆ ఊళ్లో మాత్రం సమర్థించలేకపోయాను. “రాత్రంతా దగ్గింది, పొద్దున్నకి తేరుకుంది,” అని ఢిల్లేశ్వరరావు టీకొట్టు దగ్గర చెబితే, పరామర్శకు భార్య దగ్గరకు వెళ్లాలో పడవ దగ్గరకు వెళ్లాలో ఎవరికీ తెలిసేది కాదు.

భార్య పేరు దాలమ్మ. అతని మేనమామ కూతురు. ఆవిడ చాలాకాలం ఓర్చుకుంది. అయితే చెక్కపడవను నీటికి దూరంగా ఉంచితే పలకలు ఎండి అతుకులు విడిపోతాయి. పలకలు ఉబ్బి అతుకులు మూసుకోవాలంటే తడుపుతూ ఉండాలి. అందుకని ఢిల్లేశ్వరరావు రోజూ బిందెలతో పడవకు నీళ్లు పోసేవాడు. ఆ మాఘమాసం మొదట్లో, నేను ఏదో పెళ్లికి వెళ్తూ వాళ్లింట ఆగిన రోజున, దాలమ్మ ఓర్పు నా కళ్ల ముందే తెగిపోయింది.

“మొక్కలెండిపోతంటే బోటుకి నీళ్లు పోత్తన్నావేటి బావా? రేపు కాయలు కాత్తాదేటి అది?”

“సెక్క నెర్రిలిచ్చేత్తాదే దాలీ.”

“నా ఒళ్లు నెర్రిలిచ్చేసి ఏడాదైంది. దానికి ఎవులు నీళ్లు పోత్తారు?” ఆవిడ నా వైపు తిరిగింది. “మీరు సెప్పండి మేస్టారూ. బోటంటే సముద్దరంలో ఉండాల. తోటలో ఉంటే అది పుల్లలమోపు. పలాస గౌరీశంకర్ బట్టీకి కట్టెలు కావాలంతన్నాడు. ఇచ్చేత్తాను.”

“అది తేల్తాది,” అన్నాడు ఢిల్లేశ్వరరావు, పడవ అంచు మీద చెయ్యి వేసి.

“అయితే తేల్చు. మాఘ పున్నమికి దింపు. నానూ ఎక్కుతాను. ములగకుండా పోయొచ్చిందా, మరి దాని ఊసెత్తను. ములిగిందా, మర్నాడే లారీ.”

“నువ్వూ ములిగిపోతే?”

“అప్పుడు నీకు ఇద్దరి పీడా ఒక్కసారే వొదుల్తాది గదా!”

తీర్పరిని నేనని అక్కడికక్కడే ఖాయం చేశారు. ఢిల్లేశ్వరరావు ముఖం చూశాను. పదో తరగతి పరీక్ష రోజున కూడా అంత పాలిపోలేదు.

అతనికి రెండు వారాలు చాలలేదు. అతుకుల్లోకి నూలుతాడు దట్టించి గుగ్గిలం పట్టించేసరికే గడువు దగ్గరపడింది. ఇక పైన నూనె పూత మిగిలింది. మన వైపు పాత పడవలకు జీడిపిక్క తొక్కల నుంచి తీసిన నల్లటి నూనె పూస్తారు. దాన్ని పట్టించిన చెక్కకు పురుగు పట్టదు, నీరు దిగదు. మరగబెట్టి పూసి, బాగా ఎండనివ్వాలని ధనరాజు ఎప్పుడో చెప్పాడు. “జీడి సంగతి జీడిరైతుకి జాలరోడు సెప్పాలేటి?” అనుకున్నాడట ఢిల్లేశ్వరరావు. పూర్ణిమకు ముందునాటి సాయంత్రం, గౌరీశంకర్ దగ్గర నుంచే రెండు డబ్బాల నూనె తెప్పించి, పచ్చిది పచ్చిగానే, బయటి అడుగూ అంచూ కూర్చునే బల్లలూ విడవకుండా పూసేశాడు.

పచ్చి జీడినూనె ఒంటికి తగిలితే ఏమవుతుందో ఉద్దానంలో పాలు తాగే పిల్లకు కూడా తెలుసు. కాని పలాస చుట్టుపక్కల గాలే ఆ నూనెవాసన. పుట్టిన దగ్గర్నుంచి ముక్కులో ఉన్న వాసనను ఎవరు పట్టించుకుంటారు? టెక్కలివాణ్నయిన నాకు కొంచెం ఘాటుగానే తోచింది. కొత్త రంగు కాబోలుననుకున్నాను.

తొమ్మిది గంటలకు మంచు విడిచింది. తీరమంతా స్నానాలకు వచ్చిన జనం. ట్రాక్టరు కమలకుమారిని ఇసుకలో దింపింది. నల్లగా, నున్నగా, పెళ్లికి తలంటుకున్నట్టు మెరుస్తోంది. ముందుభాగానికి పసుపు రాసి కొబ్బరికాయ కొట్టారు. చుక్కాని పట్టడానికి ధనరాజు వచ్చాడు. కట్టె నాణ్యం చూసుకోవడానికి గౌరీశంకర్ తెల్ల ప్యాంటు వేసుకుని వచ్చాడు. దాలమ్మ చీర కుచ్చిళ్లు ఎత్తి పట్టుకుని పడవ వైపు నడిచింది. ధనరాజు అడ్డం నిలబడ్డాడు.

“అమ్మా, ఆడోలు బోటెక్కకూడదు. మా కట్టుబాటు.”

దాలమ్మ ఎర్రక్షరాల వైపు వేలు చూపించింది. “మరా కమలకుమారి ఎవులు? మగోడేటి?”

ధనరాజు తల్లి పేరును కాసేపు చూసి పక్కకు తప్పుకున్నాడు.

దాలమ్మ ముందుబల్ల మీద, గౌరీశంకర్ నడిమిబల్ల మీద, ధనరాజు వెనుకబల్ల మీద కూర్చున్నారు. ఢిల్లేశ్వరరావు ఇంజను దగ్గర నిలబడ్డాడు. నాకు చోటు లేక తాడు పట్టుకుని నిలుచున్నాను. ఆ తర్వాతి వారం మా అందరిలో కూర్చుని భోంచేసినవాళ్లం మేమిద్దరమే కావడానికి అదే కారణం.

హ్యాండిలు మూడోసారి తిప్పగానే ఇంజను అందుకుంది. పది మంది నెట్టారు. కెరటం ముందుభాగాన్ని ఎత్తింది, దించింది, మళ్లీ ఎత్తింది. రెండో కెరటం దాటేసరికి మా కింద సముద్రం మెత్తబడింది. ఢిల్లేశ్వరరావు వంగి పడవ లోపలి అడుగు తడిమి చూసి, పొడిగా ఉన్న అరచేతిని నాకు చూపించాడు. కళ్లు మాత్రం తడిశాయి.

దాలమ్మ అడుగు వైపు చూడటం లేదు. వెనక్కి తిరిగి ఒడ్డును చూస్తోంది. ఆవిడ యాభై ఏళ్లుగా ఉన్న ఊరును ఎప్పుడూ ఇటు నుంచి చూడలేదు. సరుగుడు వరుస, దాని వెనుక కొబ్బరి తలలు, మధ్యమధ్య తుపాను కొట్టేసిన చోట్ల ఆకాశం.

“బావా, ఆ కనబడతన్నది మన తోటేనేటి?”

“ఆఁ. ఆ ఎడంపక్కది.”

“ఇంత కొబ్బరి మిగిలిందేటి మనకి!” అంది. “లోపలుండి సూత్తే అంతా పోయినట్టే ఉంటాది.”

ఇంజను ఒక్కటే మాట్లాడింది. నేను ఒక మంచి పద్యపాదం గుర్తు చేసుకోబోతున్నాను. అంతలో గౌరీశంకర్ కదిలాడు. మళ్లీ కదిలాడు.

“ఏటి ఢిల్లేశూ, మీ బోటులో సీమలున్నాయేటి?”

“సీమలెక్కడియి గౌరీ. నిన్ననే నూనె కొట్టినాను.”

“ఏం నూనె?”

“నువ్వంపిందే.”

గౌరీశంకర్ ముఖంలోని రంగు ప్యాంటు రంగుకు దిగింది. “మరగబెట్టినావా?”

“టైమెక్కడుంది?”

“ఓలమ్మో!” అంటూ లేచాడు గౌరీశంకర్. ఆ మాట వినగానే ధనరాజుకు కూడా మంట తెలిసింది. చుక్కాని వదిలి అతనూ లేచాడు. ఇద్దరూ ఒకే వైపు లేవడంతో పడవ ఆ వైపుకు ఒరిగింది. అంచు మీదుగా ఒక దోసెడు నీళ్లు లోపలికి వచ్చాయి. మరొక్క అడుగు అటు వేస్తే తీర్పు చెప్పే అవసరం నాకు ఉండేది కాదు. ఢిల్లేశ్వరరావు ఇంజనును కౌగిలించుకుని కళ్లు మూసుకున్నాడు.

“కూకోండెహే!”

దాలమ్మ గొంతు అది. ఆవిడ లేవలేదు. చీర అంచు దాకా నల్లమరక పాకింది, ముఖం కందగడ్డలా ఉంది, రెండు చేతులతో బల్లను గట్టిగా పట్టుకుని ఉంది.

“మండుతాందమ్మా!” అన్నాడు గౌరీశంకర్.

“నాకు సల్లగుందేటి? మీరు లేత్తే బోటు తిరగబడిపోద్ది. కూకో! ఓ ధనరాజూ, ఆ కర్ర పట్టుకో! బావా, ఇంజనొగ్గేసి కళ్లు తెరూ!”

కూర్చున్నారు. ఒడ్డు చేరే వరకు దాలమ్మ వాళ్లను కూర్చోబెట్టింది. బాధ మరచిపోవడానికి గౌరీశంకర్ తన తాతముత్తాతల పేర్లు వరసగా చదివాడు. నేల తగలగానే ముగ్గురూ నడుము లోతు నీళ్లలోకి దూకి, కేకలు పెడుతూ లెక్కలేనన్ని మునకలు వేశారు. స్నానాలకు వచ్చిన జనం ఆ భక్తికి తెల్లబోయి, కొందరు తాము కూడా మరికొన్ని మునకలు వేశారు.

మర్నాడు లారీ వచ్చింది. గౌరీశంకర్ బోర్లా పడుకుని ఉన్నందువల్ల డ్రైవరు ఒక్కడే వచ్చాడు. ఢిల్లేశ్వరరావు పాకలో పడవ పక్కన నిలబడి ఉన్నాడు. లోపల పడవ పొడిగానే ఉంది. ఐనా నన్ను తీర్పు అడగడానికి అతనికి నోరు రాలేదు. భార్యను ఆ స్థితిలోకి తెచ్చాక ఏ మొగుడు మాత్రం అడుగుతాడు? నేను గొంతు సవరించుకుని, “సత్యం చెప్పవలసి వస్తే, పడవ మునగలేదు. అయితే...” అని మొదలుపెట్టాను.

“అయితే ఏటి మేస్టారూ?” అంది దాలమ్మ. ఒంటికి కొబ్బరినూనె పట్టించుకుని గుమ్మానికి ఆనుకుని నిలబడి ఉంది. “ములగలేదు. ములగనిత్తానేటి? నాను కూకున్న బోటు!” తర్వాత డ్రైవరు వైపు తిరిగింది. “ఎల్లిపో నాయనా. ఇక్కడ కట్టెల్లేవు.”

లారీ వెళ్లిపోయింది. ఢిల్లేశ్వరరావు పాకలోంచి రావడానికి చాలాసేపు పట్టింది. వచ్చాక నేరుగా నూతి దగ్గరకు వెళ్లి, బిందె నింపి, ఆ రోజు మొదటిసారిగా పడవకు కాక కొబ్బరిమొక్కలకు పోశాడు. దాలమ్మ చూసి, “సగం అటు కూడా పొయ్యి,” అంది, పాక వైపు గడ్డం చూపించి.

ఆ తర్వాత నాలుగేళ్లకు పైగా నాకు వాళ్ల కబురు లేదు. రెండువేల ఇరవైనాలుగు నవంబరులో టెక్కలికి ఈ ఉత్తరం వచ్చింది. రెండు దీర్ఘాలు, ఒక వత్తు మాత్రం సరిచేశాను. తక్కినదంతా అతనిదే.

“మాస్టారు గారికి ఢిల్లేశ్వరరావు నమస్కారాలు. ఫోనులో చెబితే ఆవిడ వింటుంది కనక ఉత్తరం రాస్తున్నాను. మేము బాగానే ఉన్నాము. విషయం ఏమిటంటే, మొన్న సంతబొమ్మాళి వైపు చుట్టాలింటికి వెళ్తే ఉప్పుటేరు గట్టున ఒక పాత చెక్కబోటు కనిపించింది. మన దానికన్నా పొడవు, వయసులో కూడా పెద్దది. ఒక పక్క పలకలు పుచ్చిపోయాయి. నీలవేణి అనే ఒకావిడ భర్త నడిపిన బోటు అట. ఆయన పోయాక దాన్ని విరగ్గొట్టి అమ్మేస్తామని కొడుకులు అంటున్నారట. దాలమ్మ దాని చుట్టూ రెండుసార్లు తిరిగింది. బేరం కూడా ఆడకుండా మేము తీసుకెళ్తామని మాటిచ్చేసింది. ఎక్కడ పెడతావే అంటే, గొడ్లపాక ఉంది కదా అంటోంది. గొడ్లు ఎక్కడుంటాయి అంటే, వాటికి తుప్పు పట్టదు కదా అంటోంది. నేను రెండు బోట్లు చూసుకోలేనని మీరైనా వచ్చి చెప్పండి. మీ మాట వింటుంది. కాని మాస్టారూ, మరీ గట్టిగా మాత్రం చెప్పకండి. ఆ ఇంజను ఒకసారి తిప్పి చూశారు. ఆ శబ్దం నేను కూడా విన్నాను.”