అరటిపండు వెయ్యని వాసన

మా బట్లరు మామ పోయాడన్న సంగతి నాకు మైపాడు బస్సు కండక్టరు చెప్పాడు. నెల్లూరులో నేను పనిచేసే ప్రెస్సు ముందు బస్సు ఆపించి, తల బయటపెట్టి, "మీ బన్నుల తాత తెల్లారుజామున పోయినాడబ్బయా. మీ అమ్మ చెప్పమనింది" అన్నాడు. ఈల వేశాడు. బస్సు కదిలిపోయింది. నా చేతుల్లో సిరా ఆరని కరపత్రాలున్నాయి. సారా మానమని రాసినవి, నేనే రాసినవి. వాటిని ఎక్కడ పెట్టానో ఇప్పటికీ గుర్తు లేదు.

ఊరందరికీ ఆయన తాత. మా నాన్న బావా అని పిలిచేవాడు కాబట్టి నాకు మామ. రక్తసంబంధం ఏమీ లేదు, మా ఇంటికి రెండిళ్ల అవతల ఉండేవాడు, అంతే. మైపాడు వైపు టీ అంగళ్లలో ఆయన బన్ను తిన్నవాళ్లు ఈ పత్రిక చదివేవాళ్లలో కొందరైనా ఉంటారు. తుంచగానే మాగిన అరటిపండు వాసన, దాని వెనకాల సన్నగా లవంగం వాసన వచ్చేవి. పిండిలో అరటిపండు పిసుకుతాడని అందరూ అనుకునేవాళ్లు. నేనూ అనుకున్నాను. అలా అనుకోవడం వల్లే ఆయన్ని జైలు గుమ్మం దాకా తీసుకుపోయాను. ఆ సంగతి రాయకుండా ఆయన గురించి మంచిమాటలు నాలుగు రాస్తే అది దొంగతనం అవుతుంది.

మామ వయసులో ఉన్నప్పుడు గూడూరు పక్క అబ్రకం గనుల్లో ఒక దొర దగ్గర వంటవాడు. ఆ దొర ఇంగ్లీషువాడు కాడు. గోధుమలతో బీరు కాచుకునే దేశం వాడు. తన ఊరినుంచి ఒక చిన్న సీసాలో బీరు అడుగున మిగిలే మడ్డి తెచ్చుకున్నాడు. పెరుగుకు తోడు ఎలాగో బీరుకు ఆ మడ్డి అలాగ. గోధుమలు నానబెట్టి, మొలకలెత్తించి, ఎండబెట్టి, బరకగా విసిరి, వేడినీళ్లలో నానేసి, ఆ నీళ్లు వడకట్టి కాచి చల్లార్చి, ఆ మడ్డి వేసేవాడు. ఇదంతా మామకు నేర్పాడు. యుద్ధం వచ్చింది. శత్రుదేశం వాడని దొరను పట్టుకుపోయి ఎక్కడో క్యాంపులో పెట్టారు. లారీ ఎక్కుతూ సీసా మామ చేతిలో పెట్టి, చావనియ్యకు, వస్తాను, అన్నాడట. వచ్చీ రాని తెలుగులో అన్నాడట.

సీసా పగిలిపోతుందని మామ ఆ మడ్డిని కొబ్బరిపీచు చుట్టకు పట్టించి ఆరబెట్టాడు. పొయ్యి పక్కన గోడకు మేకు కొట్టి దానికి తగిలించాడు. నెలకొకసారి ఆ పీచును గోధుమనీళ్ల జాడీలో ముంచి దానికి ప్రాణం పోసేవాడు. మూడో రోజుకు జాడీ పొంగేది. నెలలో మొదటి ఆదివారం మధ్యాహ్నం మూత తీసి, ఒక్క గ్లాసు తాగి రుచి చూసి, పీచుకు కొత్త మడ్డి పట్టించి, మిగిలినదంతా మైదాలో పోసి బన్నులు కాల్చేవాడు. దొర వెళ్లినప్పటినుంచి ఒక్క నెల తప్పలేదు.

కానీ మా జిల్లాలో మద్యనిషేధం ఉంది. జాడీ పొంగినప్పుడల్లా అది నేరమే.

అప్పుడు నాకు పంతొమ్మిదేళ్లు. కాలేజీ మెట్లు ఎక్కలేదు. అణాకొకటి దొరికే కరపత్రాలే నా చదువు. మైపాడు పాళెంలో దొంగసారా తాగి, వల అమ్ముకున్నామో తాకట్టు పెట్టామో తమకే తెలియని మనుషుల్ని చూసి నాకు ఒళ్లు మండేది. మద్యనిషేధం కోసం యువజన సంఘం పెట్టాను. కార్యదర్శిని నేనే, సభ్యులు నలుగురు. ఒకనాడు మామ ఇంటిముందు పోతుంటే కిటికీలోంచి నురగ కక్కే జాడీ కనబడింది. ఆ అరటి వాసన వచ్చింది. సారా కంపు కప్పిపెట్టడానికి అరటిపండు, లవంగం కలుపుతున్నాడని నాకు తోచింది. ఎంత తెలివైన దొంగ అనుకున్నాను. ఆ రాత్రే నిషేధం ఆఫీసుకు అర్జీ రాశాను. ఆయన బన్నులు కాల్చేది నెలలో మొదటి ఆదివారమని, ఆ మధ్యాహ్నం వస్తే జాడీతో సహా దొరుకుతాడని కూడా రాశాను. ఆకాశరామన్న ఉత్తరాలు పిరికివాళ్లు రాస్తారని, కింద సంతకం పెట్టాను.

రాసి ఊరుకుంటే నేను నేనెందుకవుతాను. ఆ ఆదివారానికి ముందు గురువారం పొద్దున ఆయన వాకిట్లోకి పోయి నిలదీశాను. సారా కాస్తున్నావా అంటే, కాదు, బీరు, గోధుమ బీరు, అన్నాడు. అబద్ధం చెప్పనందుకు నాకు ఇంకా కోపం వచ్చింది. వాసన దాచడానికి అరటిపండు కలుపుతావా అన్నాను. అంతవరకు నెమ్మదిగా ఉన్న మనిషి ఆ మాటకు లేచి నిలబడ్డాడు.

"పండు వేసినానా? లవంగం వేసినానా? నువ్వు చూసినావా? గోధుమకు నోరు లేదబ్బయా. దాంట్లో ఏ మడ్డి వేస్తే ఆ మడ్డి మాట మాట్లాడతాది."

రుజువేంటి అన్నాను. కరపత్రాలు చదివినవాడికి రుజువు కావాలి కదా. ఒకే గోధుమనీళ్లు మూడు జాడీల్లో పోస్తాను, మూడు మడ్లు వేస్తాను, నీ ముక్కే చెబుతుంది అన్నాడు. ఒకదానికి దొర పీచు ఉంది. రెండోదానికి నెల్లూరు రొట్టెల అంగట్లో వాడే డబ్బా ఈస్టు తెచ్చాను. మూడోది కల్లు మడ్డి అయితేనే తేడా తెలుస్తుందని పట్టుబట్టింది నేనే. మామ వద్దన్నాడు. ఇరవై ఏళ్లుగా ఈ ఇంట్లోకి కల్లు రాలేదన్నాడు. నేను వినలేదు. తాటితోపులో చాటుగా గీసేవాడి దగ్గరికి పోయి, చెంబులో తెచ్చి, నా చేత్తోనే జాడీలో పోశాను. ఆ ఇంట్లో చట్టం పేరు పెట్టి పిలవగలిగిన నేరం ఏదైనా ఉంటే అది మద్యనిషేధ సంఘం కార్యదర్శి తెచ్చింది.

మూడు రోజులు ఆగాలి. జాడీలు తడి ఇసుకలో గొంతుదాకా పూడ్చి ఉన్నాయి. మామ పొద్దున, సాయంత్రం జ్వరం చూసినట్టు వాటి మెడలకు అరచేతి వెనకవైపు ఆనించేవాడు. వేడెక్కితే అరటి ముందుకొస్తుందని, చల్లగా ఉంటే లవంగం ముందుకొస్తుందని చెప్పేవాడు. నేను పైకి వింటూనే, లోపల ఆదివారం లెక్కపెట్టుకుంటున్నాను. అర్జీ వాళ్లకు అందిందో లేదో తెలియదు. అందకూడదని మొదటిసారి అనుకున్నది శనివారం.

ఆదివారం మధ్యాహ్నం గుడ్డలు విప్పాడు. కల్లు మడ్డి జాడీ పుల్లగా, ముక్కు చిట్లించేటట్టు ఉంది. డబ్బా ఈస్టు జాడీ ఉత్త రొట్టె వాసన, మంచీ లేదు చెడ్డా లేదు. చివరికి దొర పీచు వేసిన జాడీ విప్పాడు. అరటిగెల మాగేసిన గది తలుపు తీసినట్టుంది. అడుగున లవంగం. అవే రేషను గోధుమలు, అదే బావి నీళ్లు, అవే మూడు రోజులు. నేను మళ్లీ వాసన చూశాను. జాడీలో చెంచా పెట్టి అడుగుదాకా కెలికాను. పండు లేదు, తొక్క లేదు.

మామ నా మొహంలోకి చూస్తున్నాడు. గెలిచినవాడి చూపు కాదు. ఒక మంచి వస్తువును మొదటిసారి ఇంకొకరికి చూపించినవాడి చూపు. అది నేను తట్టుకోలేకపోయాను.

"అర్జీ పెట్టినా మామా. ఈ దినం వస్తారు. సంతకం గూడా పెట్టినా."

అత్త గుమ్మంలో చాట పట్టుకుని ఉంది. "సంతకం గూడా పెట్టినావా. సదువుకున్నోడివి గదా నాయనా, వేలిముద్ర ఏం బాగుంటాది" అంది. మామ పీచు చుట్టను తీసి దొర జాడీలో ముంచి మేకుకు తగిలించాడు. మైదా తొట్టి ముందుకు లాగి, జాడీ మొత్తం అందులో పోసి పిసకడం మొదలుపెట్టాడు. అప్పుడే సముద్రం బాటలో జీపు ఇసుకలో కూరుకుని మూలగడం వినబడింది. డబ్బా ఈస్టు జాడీ అత్త పెరట్లో పారబోసింది. కల్లు జాడీ నేనెత్తుకున్నాను. పెరటి తలుపు తీసేసరికి ఎదురుగా జవాను నిలబడి ఉన్నాడు.

ఇన్‌స్పెక్టరు అర్జీ చేతిలో పట్టుకునే వచ్చాడు. నన్ను పేరడిగాడు. చెప్పాను. కాగితం చూశాడు, నన్ను చూశాడు, జాడీ వాసన చూశాడు. ఎవరిదన్నాడు. నేనే తెచ్చానన్నాను. మామ పిండిలోంచి తలెత్తి, నా ఇల్లు, నా జాడీ, అన్నాడు. కాదు, కల్లు తెచ్చింది నేను, తోపులోంచి నేనే మోసుకొచ్చాను, అని నేను అరిచినట్టున్నాను.

"అర్జీ పెట్టిందీ నువ్వే, కల్లు తెచ్చిందీ నువ్వే. ఎవర్ని పట్టుకోమంటావురా నన్ను?" అని చెంప మీద ఒకటి కొట్టాడు.

ఆ దెబ్బ గురించి నాకు ఏ ఫిర్యాదూ లేదు. అసలు దెబ్బ తర్వాత పడింది. సీసాలు దాచారేమోనని ఇంకో జవాను మైదా తొట్టిలో మోచేతులదాకా చేతులు పెట్టి కెలికాడు. ఏమీ దొరకలేదు. చేతులనిండా పిండి. కడుక్కోవడానికి ఇటూ అటూ చూసి, మేకుకున్న పీచు చుట్టను అంట్లు తోమేదనుకుని లాక్కున్నాడు. నీళ్ల తొట్టి దగ్గర బూడిద వేసుకుని, నీళ్లు పోసుకుని, ఆ పీచుతో చేతులు రుద్దుకోసాగాడు.

మామ చేతులు పిండిలో ఆగిపోయాయి. వద్దంటే అదేమిటో చెప్పాలి. చెబితే నేరం ఒప్పుకున్నట్టే. అత్త కొంగు నోట్లో పెట్టుకుంది. నీళ్లు పడ్డ శబ్దం, పీచు గరగర, అంతే. జవాను దాన్ని పిండి, విదిలించి, మర్యాదగా మళ్లీ మేకుకే తగిలించాడు. ఇరవై ఏళ్ల మాట కాలవలోకి పోయింది.

నన్ను జీపెక్కించారు. తెల్లారి వదిలేశారు. అర్జీదారే ముద్దాయి అని రాస్తే పైవాళ్లు నవ్వుతారని ఇన్‌స్పెక్టరు భయపడ్డాడు. నేను మైపాడు బస్సు దిగి మా ఇంటికి పోకుండా నేరుగా మామ ఇంటికి పోయాను. అత్త నన్ను చూసి లోపలికి వెళ్లిపోయింది. మామ ఆ పిండిలోంచి పిడికెడు తీసి దాచాడట. దాన్ని కొత్త గోధుమనీళ్లలో కలిపి జాడీ ఇసుకలో పూడ్చాడు. జవాను చేతి మురికిలో ఇంకేం దూరిందో తెలియదు. బతికితే దొరది బతకాలి, లేకపోతే ఏదో ఒక పులుపు మిగులుతుంది. మూడు రోజులు ఆ ఇసుక పక్కనే కూర్చున్నాం. 

గుడ్డ విప్పే రోజు మామ వెనక్కు జరిగాడు. "నువ్వే చూడబ్బయా. అర్జీ రాసింది నీ ముక్కే గదా" అన్నాడు.

వంగాను. మొదట ఉత్త పులుపు తగిలింది.  కళ్లు మూసుకుని మళ్లీ పీల్చాను. పులుపు కింద, చాలా లోతున, చిన్నగా ఉంది. అరటి. ఉంది మామా అన్నాను. ఆయన గోడకు ఆనుకుని అలాగే కిందికి జారి కూర్చున్నాడు. లోపల్నుంచి అత్త నాకు కూడా కాఫీ కలిపిన శబ్దం వినిపించింది.

ఆ తర్వాత అది మునుపటిలా కావడానికి మూడు నాలుగు కాపులు, అంటే మూడు నాలుగు నెలలు, పట్టింది. పైన తేరిన పులుపు పారబోస్తూ, అడుగు మడ్డే తీసుకుంటూ, ప్రతిసారీ ఒక గుక్క తాగి చూసేవాడు. తాగకపోతే దొంగ మడ్డి దూరిందో లేదో ఎలా తెలుస్తుందనేవాడు. నన్ను ఎప్పుడూ తాగమనలేదు. నేను తాగలేదు, ఇప్పుడూ తాగను. సారా మీద ఇప్పుడూ కరపత్రం వేస్తాను. ఇది చదివి ఎవరైనా నా మీద అర్జీ పెట్టుకుంటే పెట్టుకోండి, సంతకం మాత్రం పెట్టండి.

దొర రాలేదు, ఉత్తరం ముక్క రాయలేదు. ఒకసారి ఉండబట్టలేక అడిగాను, ఇంకా వస్తాడనేనా ఇదంతా అని.

"వస్తాడని కాదబ్బయా. వస్తే, లేదు దొరా అని చెప్పాల్సొస్తాదే, దానికి."

కండక్టరు కబురు చెప్పిన రోజు నేను ఊరు చేరేసరికి అన్నీ అయిపోయాయి. పదకొండో రోజు అత్త నన్ను పిలిచి, తాటాకు బుట్టలోంచి పీచు చుట్ట తీసి ఇచ్చింది. ఎండి, బూడిదరంగులో, ఎంత తేలిగ్గా ఉందో. "కడగబాక" అంది. ఒక్కటే మాట.

మా ఇంటికి తెచ్చి, అమ్మకు చెప్పకుండా, వంటింటి మూల ఇసుకలో జాడీ పెట్టాను. గోధుమలు నేనే మొలకెత్తించాను. చేతికి అలవాటు లేక కొన్ని బూజు పట్టాయి. మొదటి రోజు ఏమీ లేదు. రెండో రోజూ ఏమీ లేదు. మెడకు అరచేతి వెనకవైపు ఆనించి చూస్తే చల్లగా ఉంది. మామ కాపులన్నీ నాతోనే అయిపోయాయనుకున్నాను. ప్రెస్సుకు పోలేదు. మూడో రోజు పొద్దున వాకిట్లో కూర్చుని ఉన్నాను, లోపలికి పోయి గుడ్డ ఎత్తడానికి ధైర్యం చాలక.

వంటింట్లోంచి అమ్మ కేకేసింది. గెల ఎప్పుడు తెచ్చావు, ఎక్కడ మాగేశావు, చెప్పనైనా చెప్పవా అంటోంది. తిరిగి చూస్తే, పీట మీదికెక్కి, ముక్కు పైకెత్తి, ఖాళీ అటక మీద చేత్తో తడుముతూ అరటిపండ్ల కోసం వెతుకుతోంది.