అందరికీ ఒకటే బయోడేటా

ఎల్లారెడ్డి బస్టాండు ఎదురుగా ఉన్న త్రివేణి ఇంటర్నెట్ సెంటర్ తెలియని విద్యార్థి ఆ చుట్టుపక్కల లేడు. హాల్‌టికెట్ల నుంచి స్కాలర్‌షిప్ ఫారాల దాకా అక్కడ కాని పని లేదు. డిగ్రీ ఆఖరు సంవత్సరం పిల్లలకైతే త్రివేణి సగం లెక్చరరు. "అక్కా, డిగ్రీ అయినంక ఏం చేయాలె?" అని అడగనివాళ్లు లేరు, అడిగినవాళ్లకు ఆమె చెప్పకుండా పంపిందీ లేదు. తెలిసినా చెప్పేది, తెలియకున్నా చెప్పేది. ఎదురు చెబితే మాత్రం ఊరుకునేది కాదు.

ఆ బుధవారం మధ్యాహ్నం మూడూ యాభైకి ఆమె కంప్యూటర్లోకి ఒక మెయిల్ వచ్చింది. పక్కన స్టూలు మీద సలోమి కూర్చుని ఉంది. లింగంపేట పిల్ల, బీకాం ఆఖరు సంవత్సరం. కామారెడ్డిలో కొత్తగా తెరిచిన ఒక ఆఫీసుకు అప్పుడే దరఖాస్తు పంపారు. యాప్‌లతో కుస్తీ పట్టలేక ఫోన్ చేసే జనానికి తెలుగులో దారి చెప్పే కొలువు అది. పంపి రెండు నిమిషాలు కాలేదు, జవాబు వచ్చేసింది.

"గింత జల్ది చదివిండ్రా అక్కా?"

"మనుషులైతే వారం పడతది. గిది మిషన్ చదివింది" అంటూ త్రివేణి మెయిల్ తెరిచింది. చదువుతూ చదువుతూ ఆమె ముఖం మాడిపోయింది.

దరఖాస్తును తోసిపుచ్చారు. ఎందుకో కూడా రాశారు. ఈ బయోడేటాలోని మాటలు ఇదివరకే వచ్చిన నలభై మూడు బయోడేటాల్లోని మాటలతో పొల్లుపోకుండా కలుస్తున్నాయట. సొంత వివరాలతో ఒక్కసారి మాత్రం మార్చి పంపుకోవచ్చు. గడువు ఆ రోజు సాయంత్రం ఐదు గంటలు.

ఆ నలభై మూడూ ఎక్కడివో త్రివేణికి వేరే చెప్పాల్సిన పని లేదు.

ఆమె పుట్టింది తాడ్వాయిలో. ఇంటర్ అయ్యాక కామారెడ్డిలో టైపు నేర్చుకుంది. నేర్చుకోవడం పూర్తయ్యే సరికి టైపు మిషన్లు మూలపడ్డాయి. ఏడుస్తూ కూర్చోలేదు, కంప్యూటర్ పట్టుకుంది. పెళ్లై ఎల్లారెడ్డికి వచ్చాక సెంటర్ పెట్టింది. పదిహేనేళ్ల కిందట, తనకు టైపు నేర్పిన సారే ఒక బయోడేటా ఫైలు ఇచ్చాడు. అందులో నిండుగా ఇంగ్లీషు, కష్టపడి పనిచేసే గుణం, నాయకత్వ లక్షణాలు, ఆఖర్న హాబీ స్టాంపుల సేకరణ. అప్పటి నుంచి ఎవరొచ్చినా అదే ఫైలు తీసి, పేరు, తండ్రి పేరు, మార్కులు మార్చి ప్రింటు చేతిలో పెట్టేది. అలా ఎల్లారెడ్డి, లింగంపేట పిల్లలందరూ కాగితం మీద స్టాంపులు సేకరించారు. వాళ్లలో సగం మంది పోస్టాఫీసు గడప కూడా తొక్కి ఉండరు. మనుషులు చదివిన రోజుల్లో ఇది నడిచింది. ఎక్కడా ఎవరూ రెండు కాగితాలు పక్కపక్కన పెట్టి చూడలేదు. మిషన్ అలా కాదు కదా, అన్నీ గుర్తుపెట్టుకుంటుంది.

"నాకు ఇంకెక్కడి కొలువక్కా?" అంది సలోమి. నిజమే. హైదరాబాద్‌లో ఉంచే తాహతు ఇంట్లో లేదు. కామారెడ్డి కొలువైతే పొద్దున బస్సెక్కి రాత్రికి ఇల్లు చేరొచ్చు. లేదంటే పరీక్షలు కాగానే తల్లి మరియ పక్కన బీడీల చాట ముందు కూర్చోవడమే. ఆ చాట ముందు తల్లి దగ్గే దగ్గు వింటూ పెరిగిన పిల్ల అది.

"ఏడ్వకు. గంట టైమున్నది" అంది త్రివేణి. ఖాళీ పేజీ తెరిచింది. "చెప్పు. నువ్వు ఏమేం చేసినవ్?"

"ఏం చేసిన? చదువుకున్న."

"గది అందరు చేసిందే. ఇంకా?"

"బీడీలు చేస్త."

నాలుగూ పది. సలోమి ఫోన్ తీసింది. "అక్కా, ఏఐని అడుగుదమా? చిటికెల రాసిస్తది." అన్నట్టే చిటికెలో రాసిచ్చింది. ఉత్సాహం, అంకితభావం, బృందంతో కలిసి పనిచేసే నైపుణ్యం. త్రివేణి రెండుసార్లు చదివింది. పాత ఫైలే కొత్త చీర కట్టుకొచ్చినట్టుంది, స్టాంపులు ఒక్కటే తక్కువ.

"వద్దు. పక్క దుకాణంల ఇంకో పిల్ల అడిగినా గిదే ఇస్తది."

పేజీ మీద సలోమి పేరు తప్ప ఏమీ లేదు. నాలుగూ ఇరవై అయింది. అప్పుడు మోగింది సలోమి ఫోన్. మరియ.

"బిడ్డా, ఎంకవ్వ మనింటికొచ్చి కూసున్నది. ఫోన్ల మొఖం పడతలేదట. పించను ఆగిపోతదని ఒకటే ఏడుపు."

"అమ్మా, ఇప్పుడు కాదే..."

"ఇయ్యాలనే ఆఖరట బిడ్డా."

త్రివేణికి ఒళ్లు మండింది. ఇక్కడ కొంప మునుగుతుంటే ముసలమ్మ పంచాయితీ ఏంటి! పెట్టెయ్యమని చెయ్యి ఊపింది. సలోమి మాత్రం పెట్టెయ్యలేకపోయింది.

"అవ్వకియ్యి. అవ్వా, ఏడ్వకు. వాకిట్లకు రా. ఎండ మొఖం మీద పడాలె, ఈపు మీద కాదు. వచ్చినవా? అద్దాలు తియ్యి. ఫోన్‌ను మా అమ్మకియ్యి, నువ్వు పట్టుకుంటె చెయ్యి వణుకుతది. అమ్మా, గుండ్రం లోపట మొఖం మొత్తం రావాలె. అవ్వా, నేను ఒకటి అనంగనే కండ్లు మూసి తెరువు. తొందర లేదు. ఒకటి... ఏమైంది? ఎర్రగ వచ్చిందా? ఏం కాదు, కొంగు నెత్తి మీదికెల్లి తియ్యి. మల్ల ఒకటి... పచ్చగ వచ్చిందా? అయింది పో, ఇంక ఏడాది దాక నీ జోలికి ఎవ్వరు రారు."

నాలుగూ ఇరవై తొమ్మిది. సలోమి ఫోన్ పెట్టి, తిట్లు తినడానికి సిద్ధంగా తల వంచుకుంది. త్రివేణి ఆమెనే చూస్తోంది.

"ఏందే గది?"

"పించనుకు ఏడాదికోసారి బతికున్నమని చూపియ్యాలె కదక్కా. బీడీలు చేసి చేసి వేళ్లు అరిగినయ్, మిషన్ల ముద్ర పడదు. మొఖంతోని చేయొచ్చని ఫోన్ల చూసి నేర్చుకున్న."

"ఎంతమందికి చేసినవ్?"

"మా వాడకట్టు మొత్తం. ముప్పై మంది ఉంటరేమో. బీబీపేటల చిన్నమ్మోళ్లకైతే గిట్లనే ఫోన్ల చెప్పిన."

"మరి ఇంతసేపు ఏం చేయలే, ఏం చేయలే అంటివి!"

"గది కూడ పనేనా అక్కా?"

త్రివేణికి నవ్వు, కోపం, ఏడుపు ఒక్కసారే వచ్చాయి. దేనికీ టైము లేదు. "నేను టైపు కొడ్త, నువ్వు చెప్పు. నీకొచ్చిన ఇంగ్లీషుల చెప్పు" అంది. అరిగిన వేళ్ల సంగతి, వాకిట్లో ఎండ, అద్దాలు, కొంగు, ముప్పై మంది ముసలివాళ్లు, ఒక్కొక్కటే పేజీ మీదికి ఎక్కాయి. అక్షర దోషాలు దిద్దడానికి మాత్రం ఏఐకి ఇచ్చారు. హాబీ దగ్గర త్రివేణి ఆగలేదు, ఆ వరుసే కొట్టేసింది.

నాలుగూ యాభై ఆరుకు పంపే బటన్ నొక్కింది. తెర మీద చక్రం తిరిగింది. తిరుగుతూనే ఉంది. సలోమి ఏసయ్యను తలుచుకుంది, త్రివేణి ఎవరెవరినో తలుచుకుంది. నాలుగూ యాభై ఎనిమిదికి అందిందని వచ్చింది. ఐదు దాటిన నిమిషానికి ఇంకో మెయిల్ వచ్చింది. శుక్రవారం కామారెడ్డి ఆఫీసులో పరీక్షకు రమ్మన్నారు.

సలోమి త్రివేణిని గట్టిగా పట్టుకుని, వదిలి, లింగంపేట బస్సు కోసం ఉరికింది.

సెంటర్లో త్రివేణి ఒక్కతే మిగిలింది. సంతోషంగా ఉండాల్సింది, ఉండలేకపోయింది. పాత బయోడేటాలు దాచిన ఫోల్డర్ తెరిచింది. పేర్లు కిందికి జరుగుతూ పోయాయి. భీమేష్ దగ్గర ఆమె చెయ్యి ఆగింది.

భీమేష్ ఆమె తమ్ముడు. తాడ్వాయి రైతుల బోరు మోటార్లకు ఫోన్‌తో ఇంటి నుంచే నడిచే స్టార్టర్లు బిగించినవాడు. చెడిపోతే తనే విప్పి బాగుచేసేవాడు. అదంతా ఆమె కళ్లముందే జరిగింది. ఫైలు తెరిచి చూసింది. కష్టపడి పనిచేసే గుణం, నాయకత్వ లక్షణాలు, స్టాంపుల సేకరణ. స్టార్టరు మాట ఒక్కటీ లేదు. పద్దెనిమిది చోట్లకు పంపింది. ఒక్కరూ పిలవలేదు. "ఎవ్వడు పిలుస్తలేడంటె లోపం నీలనే ఉన్నది" అని ఇంటిల్లిపాది ముందు అనేసింది. వాడు మర్నాడే పాస్‌పోర్టుకు పెట్టుకున్నాడు. మూడేళ్లుగా దుబాయ్‌లో ఒక గోదాములో పెట్టెలు మోస్తున్నాడు.

ఫోన్ తీసి, మాట రికార్డు చేసి పంపింది. "తమ్మీ, తప్పు నాదిరా. నీల ఏ లోపం లేకుండె. నీ బయోడేటా మల్ల రాస్త. స్టార్టర్ల సంగతి మొత్తం చెప్పు, ఒక్కటి ఇడువకుండ."

పది నిమిషాలకు జవాబు వచ్చింది. వెనక పెట్టెలు దించుతున్న చప్పుడు, ముందు భీమేష్ గొంతు.

"చెప్తనక్కా. ముందుగాల ఆ స్టాంపులు తీసెయ్యి. అప్పుడే చెప్దామనుకున్న. నువ్వు తిడ్తవని చెప్పలే."